ఉల్లిపాయ సూపులో సర్కారు ఉప్పు

మా శాఖ పేరు నిబంధనల అమలు శాఖ. మిగతా శాఖలన్నీ నిబంధనల ప్రకారం నడుస్తున్నాయో లేదో చూడడం మా పని. ఎక్కడైనా ఎవరైనా చకచకా పనిచేస్తూ కనిపిస్తే మాకు వెంటనే అనుమానం వస్తుంది. వెళ్ళి ఆపిస్తాం. అందుకే మేమంటే అందరికీ అంత గౌరవం.

ఆ శాఖ కాకినాడ కార్యాలయంలో నేను సీనియర్ అసిస్టెంటుని. నా పేరు గొల్లవిల్లి త్రిమూర్తులు. నా భార్య వీరవేణి జీలుగుమడుగులో టీచరు. జీలుగుమడుగు అంటే ఏజెన్సీలో, బస్సులో ఘాట్ రోడ్డు ఎక్కి, బస్సు దిగి జీపు ఎక్కి, ఆ జీపు డ్రైవరుకి మనసైతే చేరుకునే ఊరు. మా అమ్మాయి కుందన అక్కడే వాళ్ళమ్మ బడిలో ఒకటో తరగతి చదువుతోంది. నేనేమో కాకినాడలో ఒక గదీ వంటిల్లూ ఉన్న పోర్షన్ తీసుకుని, మెస్ కారేజీ తింటూ బతుకుతున్నాను. నెలకోసారి వెళితే కుందన మొదటి పూటంతా నన్ను 'మీరు' అంటుంది. రాత్రి భోజనాల వేళకి మెల్లగా 'నువ్వు'లోకి దిగుతుంది. మర్నాడు పొద్దున్నే నా బస్సు.

జీలుగుమడుగులో మా శాఖకి చిన్న ఆఫీసుంది. అందులో ఒక పోస్టు ఖాళీగా కూడా ఉంది. అక్కడికి బదిలీ చెయ్యమని ఏటా దరఖాస్తు పెట్టుకుంటున్నాను. ఏటా తిప్పి పంపుతున్నారు. మూడోసారి తిరిగొచ్చాక మా సూపరింటెండెంటు బుల్లిరాజు గారు నన్ను కూర్చోబెట్టి విషయం విడమరిచి చెప్పారు.

"చూడండి త్రిమూర్తులు గారూ, జీలుగుమడుగు మన రికార్డుల్లో శిక్ష స్థానం అండి. తప్పు చేసినోళ్ళ కోసం ఆ పోస్టు అట్టేపెట్టుకున్నాం. మీరేం తప్పు చేశారని పంపమంటారు?"

"ఏమీ చెయ్యలేదండి. నేనే అడుగుతున్నాను కదా."

"అదేనండి చిక్కంతా. శిక్షని అడిగి పుచ్చుకుంటే అది వరమైపోద్ది. రేపు అందరూ అడుగుతారు. అప్పుడు తప్పు చేసినోళ్ళని ఎక్కడికి తోలాలి?"

పోనీ ఏదో ఒక తప్పు చేద్దామని చూశాను. వారం రోజులు వరసగా ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళాను. నాకన్నా ముందు ఎవరూ రాకపోవడం వల్ల ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. లంచం పుచ్చుకుంటే ఎలా ఉంటుందని బుల్లిరాజు గారినే సలహా అడిగాను.

"ఒద్దండి బాబూ, ప్రమోషనిచ్చి హెడ్డాఫీసుకి పంపేత్తారు" అన్నారాయన, నా మంచి కోరి.

ఇలా ఉండగా మా సంచాలకులు కోదండపాణి గారు పరిపాలనా సంస్కరణల అధ్యయనం కోసం ఫ్రాన్సు దేశం వెళ్ళొచ్చారు. అక్కడ ఏ ఆఫీసుకి వెళ్ళినా అందరూ భోజనానికి వెళ్ళి ఉండడంతో, అధ్యయనమంతా భోజనాల దగ్గరే జరిగిందట. తిరిగి రాగానే మీటింగు పెట్టారు.

"మిత్రులారా! నేనొక సామాన్య గృహమునందు ఒక సామాన్య గృహిణిని గమనించితిని. ఆమె పుస్తకము తెరిచినది. పుస్తకములో ఉన్నది చేసినది. పుస్తకములో లేనిది చేయలేదు. చివరకు అద్భుతమైన ఉల్లిపాయ సూపు తయారైనది. ఇంతకు మించిన నిబంధనల అమలు నేనెచటా చూడలేదు. వంట పుస్తకమును అక్షరము పొల్లుపోకుండా అనుసరించువాడే ప్రభుత్వ ఉత్తర్వును అనుసరించగలడు. అనుసరించలేనివాడు మన శాఖలో ఎందుకు?"

అందరం చప్పట్లు కొట్టాం. కొడుతూ కొడుతూ ఉండగానే సర్క్యులర్ చేతికొచ్చింది. సిబ్బంది యావన్మందీ తమ తమ నివాసములందు, స్వహస్తములతో, పుస్తకానుసారముగా ఫ్రెంచి పాకమును అభ్యసించవలెను. మూడు మాసముల అనంతరము ఇంటింటికీ తనిఖీ అధికారులు వచ్చి పరీక్షింతురు. ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైనవారికి కోరుకున్న చోట పోస్టింగు ఇవ్వబడును.

ఆ చివరి వాక్యం దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. బుల్లిరాజు గారి దగ్గరికి పరిగెత్తాను. "కోరుకున్న చోటంటే జీలుగుమడుగు కూడానా అండి?"

ఆయన సర్క్యులర్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఫలానా ఊరు కూడదని ఎక్కడా రాయలేదండి. దాన్ని కోరుకునేవాడొకడు ఉంటాడని వాళ్ళకి తట్టి ఉండదు."

పుస్తకం గురించి ఒక మాట ముందే చెప్పేయాలి. అది చాలా మంచి పుస్తకం. తర్వాత జరిగినదాంట్లో దాని తప్పు ఇసుమంత కూడా లేదు. ఎవరో ఫ్రెంచావిడ, పది మందికీ వండిపెట్టి ఆరితేరినావిడ, ఇంట్లో మొదటిసారి పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళ కోసం రాసింది. మా ఆఫీసుకి దాని ఇంగ్లీషు ప్రతి ఒక్కటే వచ్చింది. అనువాద విభాగం వారు దాన్ని తెలుగులోకి దించారు. 'ఉల్లిపాయలను వెన్నలో, సన్నని సెగ మీద, తొందరపడకుండా ఎర్రగా వేయించండి' అని ఆవిడ రాస్తే, 'పలాండు శకలములను నవనీతమునందు మందాగ్నిపై అరుణవర్ణపర్యంతము భర్జించవలెను' అని మా చేతికొచ్చింది. సగం మంది అది ఆయుర్వేద మందనుకుని తేనె తెచ్చుకున్నారు. నేను మాత్రం సాయంత్రాలు ఆఫీసులో కూర్చుని ఇంగ్లీషు ప్రతి చదివేవాణ్ణి.

వారం తిరక్కుండానే సందేహాలు మొదలయ్యాయి. మా శాఖలో సందేహం వచ్చిందంటే స్పష్టీకరణ రావాలి. ఓ మోస్తరు ఉల్లిపాయ అని పుస్తకంలో ఉంది, ఓ మోస్తరంటే ఎంత? ఆఫీసు గుమ్మానికి ఒక రింగు వేలాడదీశారు. అందులో దూరిన ఉల్లిపాయే ఓ మోస్తరుది. సూపులో కాస్త ద్రాక్ష సారా పొయ్యమని ఉంది. ప్రభుత్వోద్యోగి సారా కొనడం కూడదు, పుస్తకాన్ని తప్పడమూ కూడదు. న్యాయ విభాగం వారు రెండు రోజులు తలుపులేసుకుని ఆలోచించి, 'ఉడుకుచున్న పాత్రకు ద్రాక్షపండ్లను చూపించిన చాలును' అని తేల్చారు. కాకినాడలో మా సిబ్బంది ఇళ్ళన్నిట్లో ఆ వారం గిన్నెలకి ద్రాక్షపండ్లు చూపించారు. మా పక్క సెక్షన్ హనుమాయమ్మ గారు హారతి కూడా ఇచ్చేశారు.

ఇవన్నీ ఒక ఎత్తు. 'ఉప్పు, రుచికి తగినంత' అన్న ముక్క ఒక్కటీ ఒక ఎత్తు.

ఎవరి రుచికి? ఎంతకి తగినంత? ఎవరు తేల్చాలి? శాఖ పుట్టిన తర్వాత ఇంత పెద్ద సమస్య రాలేదు. ఎందుకంటే ఉద్యోగి తన ఇష్టానుసారం ఏదైనా చేసుకోవచ్చని ఏ నిబంధనలోనూ లేదు. 'మధ్య మధ్య రుచి చూస్తూ ఉండండి' అని కూడా ఆ ఫ్రెంచావిడ పేజీకొకసారి రాసింది. తనిఖీ అధికారి పురుషోత్తం గారు దాని మీద తన అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా తెలియజేశారు. పై అధికారి పరీక్షించబోయే పదార్థమును కింది ఉద్యోగి ముందుగా నోట పెట్టుట ఎంగిలి. ఎంగిలి వడ్డించుట ప్రవర్తనా నియమావళికి విరుద్ధము. కనుక రుచి చూచుట నిషేధించవలెను.

నిషేధించారు. రుచి చూడకూడదు కనక ఉప్పెంతో ముందే తేల్చాలి. కమిటీ వేశారు. శాఖకి ఒకే ఒక్క నాలుక ఉండాలని, అది సంచాలకుల వారిదే అయి ఉండాలని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. సంచాలకుల వారికి రక్తపోటు. డాక్టరు ఆయన్ని ఉప్పు ముట్టద్దన్నాడు. అందువల్ల శాఖ రుచికి తగినంత ఉప్పు అంటే గిన్నెకొక చిటికెడు. చిటికెడు ఎవరి వేళ్ళతో? పురుషోత్తం గారివి సన్నటి వేళ్ళు, పొదుపైన వేళ్ళు. ఆయన రెండు రోజులు కూర్చుని చిటికెడు చొప్పున ఉప్పు తీశారు. ఒక్కొక్క చిటికెడూ ఒక్కొక్క పొట్లంలో కట్టి, లక్క ముద్ర వేసి, సంతకం తీసుకుని మాకు పంచారు.

నా సంగతి చెప్పాలి. నాకు అంతవరకూ కాఫీ కలుపుకోవడం తప్ప ఏమీ రాదు. మొదటి రోజు ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను. రెండో రోజు మాడ్చి ఏడ్చాను. వీరవేణికి ఫోన్ చేస్తే, "మంట తగ్గించండి, ఎవరు తరుముతున్నారండి మిమ్మల్ని?" అంది. ఆ ఫ్రెంచావిడ కూడా సరిగ్గా అదే రాసింది. వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఎరగరు గానీ ఒకే మాట మీద ఉన్నారు. వీడియో ఫోన్ అలాగే గూట్లో నిలబెట్టి, మంట తగ్గించి, గరిటె పట్టుకుని నిలబడ్డాను. తెల్లటి ముక్కలు ముందు మెత్తబడ్డాయి. తర్వాత పసుపయ్యాయి. ముప్పావుగంట గడిచేసరికి ముదురు బెల్లం రంగుకి తిరిగి, పోర్షనంతా తియ్యటి వాసన వచ్చింది. అటు నుంచి కుందన, "మీరు వంట చేస్తున్నారా?" అని ఆశ్చర్యంగా అడిగింది. కూరగాయలు ఉడికించిన నీళ్ళు పోసి మరిగించాను. పెనం మీద కాల్చిన బ్రెడ్డు ముక్క మీద చీజ్ కరిగించి పైన వేశాను. మన ఇంటి ఉప్పే, నా నాలుకకి సరిపడా వేసుకుని తిన్నాను. మూడేళ్ళలో కాకినాడలో మెస్ కారేజీ కానిది నేను తినడం అదే. నాకు చాలా ఆనందం కలిగింది. ఒక్కణ్ణే తిన్నందుకు దిగులు కూడా వేసింది.

అప్పట్నుంచి రోజూ రెండు రకాలు వండేవాణ్ణి. తినడానికి ఒకటి, పరీక్ష కోసం ఒకటి. పరీక్షది రుచి చూడకుండా, ఒక్క చిటికెడు ఉప్పుతో, ద్రాక్షపండ్లు చూపించి వండేవాణ్ణి. దాన్ని వీధి కుక్కకి పెడితే అది నా ముఖంలోకి చూసి వెళ్ళిపోయేది. ఇంక ప్రథమ శ్రేణి ఖాయమని నాకు ధైర్యం వచ్చింది.

తనిఖీ రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం తలుపు చప్పుడైతే పురుషోత్తం గారే అనుకుని తీశాను. ఎదురుగా వీరవేణి, కుందన, ఒక సంచీ. బడికి సెలవట. "పరీక్ష కదా, తోడుంటామని వచ్చాం" అంది వీరవేణి. సంతోషం పట్టలేకపోయాను. ఆ సంతోషంలో చెప్పవలసిన ముక్క ఒక్కటి చెప్పడం మర్చిపోయాను.

అప్పటికి సూపు తయారై పొయ్యి మీద సన్నగా మరుగుతోంది. ముద్ర వేసిన పొట్లం విప్పి ఉప్పు వేసేశాను కూడా. ఇంతలో వీధిలో జీపు ఆగింది. ఎదురెళ్ళి పురుషోత్తం గారినీ, బుల్లిరాజు గారినీ తీసుకొచ్చేసరికి రెండు నిమిషాలైనా పట్టి ఉండదు. వచ్చి చూద్దును కదా, వీరవేణి గరిటెతో కాస్త సూపు అరచేతిలో పోసుకుని, ఊది, నాలుకకి తగిలించి, తల అడ్డంగా ఊపి, ఉప్పు డబ్బా మూత పెడుతోంది.

అప్పటికే పురుషోత్తం గారు బల్ల ముందు కూర్చున్నారు. పొద్దున్నించీ ఇల్లిల్లూ తిరిగి ఉప్పులేని సూపు తాగి, ఆయన ముఖం తడిపి ఆరేసిన గుడ్డలా ఉంది. కప్పు ముందు పెడితే కళ్ళు మూసుకుని మందు మింగినట్టు ఒక చెంచా మింగారు. కళ్ళు తెరిచారు. ఇంకో చెంచా తీసుకున్నారు. ఆ తర్వాత కప్పు ఖాళీ అయ్యేదాకా చెంచా కింద పెట్టలేదు. బ్రెడ్డు ముక్కతో కప్పు అడుగు తుడుచుకుని తిన్నారు. "ఇంకొంచెం ఉందామ్మా?" అన్నారు మెల్లగా. అది కూడా అయ్యాక హఠాత్తుగా ఆయన ముఖం గంభీరమైపోయింది. లేచి నిలబడ్డారు.

"త్రిమూర్తులు గారూ, ఇది బాగున్నది."

"క్షమించండి సార్" అన్నాను.

"ఉదయం నుంచి ఏ ఇంట్లోనూ బాగోలేదు. అన్ని ఇళ్ళలోనూ ఒకే విధంగా బాగోలేదు. ప్రమాణం అంటే అదీ. ఇక్కడ మాత్రమే బాగున్నదంటే అక్రమం జరిగినట్టే. ఉప్పు ఎవరు వేశారు?"

నేను నోరు తెరిచేలోగా వీరవేణి ముందుకొచ్చింది. "నేనేనండి. చప్పగా ఉంటే వేశాను."

"చప్పగా ఉన్నట్టు మీకెలా తెలుసు?"

"రుచి చూశానండి. చూడకుండా ఎవరైనా ఎలా వండుతారండీ?"

బుల్లిరాజు గారు తల పట్టుకుని పీట మీద కూలబడ్డారు. పురుషోత్తం గారు మూడో కప్పు పంచనామా కోసమని కారియర్లో పోయించుకుని వెళ్ళిపోయారు.

విచారణ హెడ్డాఫీసులో, సంచాలకుల వారి గదిలోనే జరిగింది. ఎంగిలి అభియోగం మీద పెద్ద చర్చ నడిచింది. గరిటె నోటికి తగల్లేదు, అరచేతిలో పోసుకుని చూస్తే ఎంగిలి కాదు, మా ఇళ్ళలో అందరూ అలాగే చూస్తారని నేను మనవి చేసుకున్నాను. న్యాయ విభాగం వాళ్ళందరి ఇళ్ళలోనూ అలాగే చూస్తారట. దాంతో ఆ అభియోగం వీగిపోయింది. రెండోది నిలిచింది. శాఖ నిర్ణయించిన రుచిని మించి రుచిగా వండుట.

"పుస్తకంలోనే రుచి చూడమని ఉంది సార్" అన్నాను ఆఖరి ఆశతో.

"ఏ పుస్తకము? పుస్తకమును శాఖ సవరించినది. సవరించని పుస్తకమును చదువుట మరియొక నేరము" అన్నారు కోదండపాణి గారు. "మీకు ప్రథమ శ్రేణి కాదు కదా, ఏ శ్రేణియు లేదు. మిమ్ములను తక్షణమే శిక్ష స్థానమునకు పంపవలసి ఉన్నది. ఏదయ్యా మన శిక్ష స్థానము?"

"జీలుగుమడుగండి" అన్నారు బుల్లిరాజు గారు, నా వైపు చూడకుండా.

పెదాలు బిగపట్టుకున్నాను. పెదవి కాస్త విచ్చుకుందంటే మొత్తం చెడిపోతుంది. సరిగ్గా అప్పుడే పురుషోత్తం గారు ఫైలు తిరగేస్తూ గొంతు సవరించుకున్నారు.

"సార్, ఈయన భార్య అక్కడే ఉద్యోగం. ఈయన ఏటా ఆ ఊరికే బదిలీ కోరినట్టు ఇందులో ఉంది."

అయిపోయింది, అనుకున్నాను.

"ఆ దరఖాస్తులేమైనవి?" అన్నారు సంచాలకులు.

"తిరస్కరించామండి" అన్నారు బుల్లిరాజు గారు.

"తిరస్కరించిన దరఖాస్తు ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టేనండి! అసలు లేనట్టేనండి!" అని బుల్లిరాజు గారు కుర్చీలోంచి లేచిపోయి మరీ చెప్పారు.

"లేని కాగితమును గురించి శాఖ సమయము వృథా చేయరాదు" అని కోదండపాణి గారు సంతకం పెట్టేశారు. నాకు కన్నీళ్ళు ఆగలేదు. అది చూసి ఆయన మనసు కరిగింది. "ఏడవకండి. మానవుడు మారగలడు. ఆరు మాసముల పిమ్మట పురుషోత్తం వచ్చి మీ చేతి సూపు పరీక్షించును. నిబంధనల ప్రకారము వండినట్లు తేలినచో వెంటనే వెనుకకు పిలిపింతును" అన్నారు.

ఆ మాటతో నా ఏడుపు నిజం ఏడుపైపోయింది.

జీలుగుమడుగులో ఆరు నెలలు ఇట్టే గడిచిపోయాయి. పొద్దున్న కుందనకి జడ వెయ్యడం నేర్చుకున్నాను. ఆదివారాలు ఉల్లిపాయ సూపు. ఊళ్ళో చీజ్ దొరకదు, వెన్న మాత్రం బ్రహ్మాండంగా దొరుకుతుంది. అంతా బాగానే ఉంది గానీ, తనిఖీ రోజు దగ్గరపడుతున్న కొద్దీ నాకు నిద్ర కరువైంది. పురుషోత్తం గారు సత్ప్రవర్తన అని ఒక్క ముక్క రాశారంటే మళ్ళీ కాకినాడ, మళ్ళీ మెస్ కారేజీ, మళ్ళీ 'మీరు'.

చెప్పిన రోజుకి ఆయన జీపు దిగారు. సంచీలోంచి ముద్ర వేసిన పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. పొయ్యి దగ్గర నేను, పక్కన వీరవేణి, గుమ్మంలో కుందన. ఉల్లిపాయలు ఎర్రబడే వాసనకి ఆయన కుర్చీ మెల్లగా వంటింటి వైపు జరుగుతోంది. సూపు మరిగింది. ఇక ఉప్పు వెయ్యాలి. పొట్లం విప్పి సర్కారు ఉప్పు వేశాను. అధికారి ఎదురుగా ఉండగా ఉప్పు డబ్బా ముట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. వీరవేణి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడనే లేదు. గరిటెతో కాస్త సూపు తీసుకుని సూటిగా ఆయన దగ్గరికెళ్ళింది.

"సరిపోయిందేమో చూడండి, అన్నయ్యగారూ."

పురుషోత్తం గారు గరిటె వైపు చూశారు. నా వైపు చూశారు. వీధి గుమ్మం వైపు చూశారు, ఎవరూ లేరు. అప్పుడు మెల్లగా కుడి చెయ్యి చాపి అరచెయ్యి గుంటలా పట్టారు. వీరవేణి పోసింది. ఆయన ఊదుకుని నాలుకకి తగిలించుకున్నారు.

"చప్పగా ఉందమ్మా" అన్నారు. "ఇంకొంచెం వెయ్యి."

ఆ పూట ఆయన ఎన్ని కప్పులు తాగారో మేము చూడలేదు, చూస్తే మొహమాటపడతారని. వెళ్ళే ముందు నివేదిక రాసి నా చేత చదివించారు. 'సదరు ఉద్యోగి ప్రవర్తనలో ఎట్టి మార్పునూ కనబరచలేదు. వెనుకకు పిలిపించుట ప్రమాదకరము. ప్రతి ఆరు మాసములకూ నేనే స్వయముగా వచ్చి పరీక్షించవలసి యున్నది.'

జీపు మలుపు తిరిగాక కుందన నా చెయ్యి పట్టుకుని లాగింది.

"నాన్నా, నువ్వు వెళ్ళిపోవాలా?"

"లేదమ్మా" అన్నాను. "నేను బాగుపడలేదట."